వల్లెవేతతో మెదడులో మారునదేమి?

కోనసీమలో వేదపాఠము జరుగుచున్న అరుగు ప్రక్కగా పోవునపుడు ఒక పద్ధతి చెవిని పడును. గురువు ఒకమారు చెప్పును. శిష్యుడు రెండుమారులు చెప్పును. ఇది సంత. అటుపిమ్మట వల్లె. ఘనపాఠమున పదములు ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని ముందువెనుకలుగా నడచును. మా చిన్ననాట మరచిన పదమునకు తొడపాశము తప్పెడిది కాదు. మతిమరపన్న సోమరితనమేనని నాటి పెద్దల నమ్మకము. మెదడు సంగతి తెలిసినకొలది ఆ నమ్మకము సడలుచున్నది.

నాడీకణములు రెండు కలియుచోట సన్నని సందు కలదు. అదియే నాడీసంధి. ఈవలి కణము గ్లుటమేటు అను రసాయనమును విడువగా, ఆవలి కణముపై నున్న గ్రాహకములు దానిని అందుకొనును. వీనిలో ఆంపా గ్రాహకము కాలువగట్టు తూము వంటిది. గ్లుటమేటు తగులగానే తెరచుకొని సోడియమును లోనికి విడుచును. ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకమున కట్లు కాదు. దాని నోట మెగ్నీషియము బిరడావలె నుండును. గ్లుటమేటు వచ్చిన క్షణముననే ఆవలి కణమును గట్టిగా ఉత్తేజితమై యున్నగాని ఆ బిరడా ఊడదు. ఊడినచో కాల్షియము లోనికి వచ్చి కొన్ని ఎంజైములను మేల్కొలుపును. వాని ప్రేరణచే సంధికడకు మరికొన్ని ఆంపా గ్రాహకములు చేరును. ఇక అంతే గ్లుటమేటునకు కణము మునుపటికంటె గట్టిగా పలుకును. ఇట్టి బలిమి గంటలకొలది నిలుచుటను బ్లిస్, లోమో అనువారు 1973లో కుందేటి మెదడున చూపిరి.

కాల్షియము కొద్దికొద్దిగా, చాలసేపు వచ్చినచో గ్రాహకములు వెనుకకు పోవును. సంధి బలము తగ్గును. మరపునకు ఇదియు నొక దారి. అంతేకాదు, ప్రయోగశాలలో పెంచిన కణముల సందడిని రెండు దినములు అణచి యుంచగా, అవి తమ సంధులన్నిటి బలమును పెంచుకొనెనని 1998లో తేలినది. దూరపు స్టేషను సన్నగా వినబడినపుడు మనము రేడియో మీట త్రిప్పుదుము గదా, అట్లే.

సంధి బలిమి దినములకొలది నిలువవలెనన్న కణము కొత్త ప్రోటీనులను చేసికొనవలెను. దానికి గంటలు పట్టును. ఒక్కపూటలో నూరుమారులు చెప్పించుటకంటె దినమునకు కొంతగా చెప్పించుటయే పిల్లవానికి మేలని మాకు తోచును.

వేదపండితుల మెదళ్లను మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రమున చిత్రించిరి. 21 మందిని ఇతరులతో పోల్చగా, పలుచోట్ల బూడిదరంగు పదార్థము హెచ్చుగా కనబడినదని 2016లో వెలువడినది. అయితే ఆ యంత్రమునకు గ్రాహకములు కనబడవు. ఆ హెచ్చునకు వల్లెయే కారణమనియు ఆ చిత్రములు తేల్చలేదు.