సర్వర్ బాగానే ఉంది, మరి పని అయిందా?

హాల్‌టికెట్లు విడుదలైన రోజున ఒకే వెబ్‌సైట్ గురించి రెండు మాటలు వినిపిస్తాయి. నిర్వాహకులు "సర్వర్ బాగానే ఉంది" అంటారు. పాత ఫోన్ చేతిలో ఉన్న విద్యార్థి "సైట్ ఓపెన్ కావట్లేదు" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పేజీని పంపేయగానే సర్వర్ లెక్కలో పని పూర్తయింది. ఆ పేజీ టవర్ దాటి, ఫోన్‌లోకి దిగి, తెర మీద అక్షరాలై, వేలు తగిలితే స్పందించే దాకా జరగాల్సింది ఇంకా చాలా ఉంది. మన ఓపికకు పరీక్ష చాలావరకు అక్కడే. వెబ్‌సైట్ నాణ్యత కొలవాలంటే మొదలుపెట్టాల్సిన చోటూ అదే.

ఎంతసేపు ఆగగలం? వెబ్ పుట్టకముందే, 1968లో, ఐబీఎంకు చెందిన రాబర్ట్ మిల్లర్ దీని గురించి రాశాడు. 1993లో జేకబ్ నీల్సన్ ఆ అంకెలను అందరికీ చేరేలా చెప్పాడు. 0.1 సెకనులోపు జవాబొస్తే వెంటనే జరిగినట్టే అనిపిస్తుంది. 1 సెకను దాకా ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. నెట్ వేగం ఎన్ని రెట్లు పెరిగినా ఈ హద్దులు మారలేదు, ఎందుకంటే ఇవి మనిషివి, యంత్రానివి కావు.

పేజీ "వచ్చేసింది" అని ఎప్పుడు అనాలి? వెనకటి లెక్క ప్రకారం పేజీకి సంబంధించిన ఫైళ్లన్నీ దిగాక. చదివేవాడికి అడుగున ఉన్న బొమ్మతో పనేముంది? కంటికి ఎదురుగా కావలసింది కనిపిస్తే చాలు. 2020 మేలో గూగుల్ ప్రకటించిన కోర్ వెబ్ వైటల్స్ ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి. తెర మీద కనిపించే భాగంలో అన్నిటికన్నా పెద్ద బొమ్మ గానీ, రాత గానీ 2.5 సెకన్లలోపు రావాలన్నది ఒక కొలత. బటన్ నొక్కాక తెర మీద మార్పు కనిపించడానికి 200 మిల్లీసెకన్లు మించకూడదన్నది మరొకటి. ఇది 2024 మార్చిలో చేరింది. అంతకుముందున్న కొలత మొదటిసారి నొక్కినప్పటి ఆలస్యాన్నే చూసేది. ఫారం నింపేవాళ్లు ఒక్కసారి నొక్కి ఊరుకోరు కదా!

నాకు అన్నిటికన్నా నచ్చింది మూడోది, పేజీ కుదుపును కొలిచేది. "రద్దు చేయి" అన్న బటన్ కోసం వేలు దించేలోపు పైన ప్రకటన ఒకటి ఊడిపడుతుంది. అంతా కిందికి జారి, వేలు "చెల్లించు" మీద పడుతుంది. ఈ చిరాకునూ అంకెల్లోకి తెచ్చారు. తెరలో సగం ఆక్రమించిన ఒక భాగం, తెర ఎత్తులో నాలుగో వంతు కిందికి జారిందనుకోండి. జారకముందూ జారాకా కలిపి అది తాకిన మేర 0.75, జరిగిన దూరం 0.25. రెండింటినీ గుణిస్తే 0.1875. మంచి పేజీకి హద్దు 0.1. ఆ ఒక్క కుదుపుతోనే పేజీ తప్పినట్టు.

ఈ కొలతలు ఎవరి ఫోన్‌లో తీసుకోవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. సైట్ తయారుచేసినవారి దగ్గర కొత్త ల్యాప్‌టాప్, ఫైబర్ కనెక్షన్ ఉంటాయి. అక్కడ ఏ పేజీ అయినా పరుగెడుతుంది. అందుకే గూగుల్ 2017 నుంచి, అనుమతి ఇచ్చిన క్రోమ్ వినియోగదారుల ఫోన్లలో, కంప్యూటర్లలో నిజంగా జరిగినదాన్ని సేకరించి ప్రచురిస్తోంది. దాన్ని సగటుతో చూస్తే మోసపోతాం. తొమ్మిదిమందికి 1 సెకనులో, పదోవాడికి 31 సెకన్లలో పేజీ వస్తే సగటు 4 సెకన్లు. ఆ 4 సెకన్లు పదిమందిలో ఒక్కరి అనుభవమూ కాదు. జేఈఈ రాసే పిల్లలకు తెలిసిన పర్సెంటైల్ ఇక్కడ అక్కరకొస్తుంది. వందసార్లు పేజీ తెరిస్తే 75సార్లు హద్దులోపు ఉండాలన్నది గూగుల్ నియమం.

మరి మిగతా 25? వార్తల సైట్‌కో, చీరల దుకాణానికో ఈ లెక్క సరిపోవచ్చు. పింఛను, స్కాలర్‌షిప్, భూమి రికార్డులు చూపించే సైట్‌కు సరిపోదని నా గట్టి అభిప్రాయం. అక్కడివాళ్లకు ఇంకో దుకాణం లేదు.

తెలుగు పేజీలకు మరో చిక్కుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్ చాలు. తెలుగులో అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా 3 బైట్లు పడతాయి. కుదించి పంపితే ఈ తేడా బాగా తగ్గుతుంది. కానీ ఒత్తులు, గుణింతాల రూపాలన్నీ మోయాల్సిన ఫాంట్ మాత్రం బరువే. అది ఆలస్యంగా దిగితే అప్పటిదాకా తెర ఖాళీగా ఉంటుంది, లేదా ఫాంట్ మారగానే వరుసలన్నీ జరిగిపోతాయి. ఇంగ్లిష్ పేజీతో పరీక్షించి తెలుగు పేజీ బాగుందనుకోవడం అందుకే తప్పు. నోటీసును స్కాన్ చేసి బొమ్మగా పెడితే, అందులోని అక్షరాలను గుర్తుపట్టే ఏర్పాటు కూడా లేకపోతే, చూపులేనివారి స్క్రీన్ రీడర్‌కు అక్కడ చదవడానికి ఏమీ ఉండదు.

వేగం తర్వాత అసలు విషయం: వచ్చిన పని అయిందా? ఐఎస్ఓ 9241-11 ప్రమాణం మూడింటిని చూడమంటుంది: పని పూర్తవడం, దానికి పట్టిన శ్రమ, చేసినవారి తృప్తి. తృప్తిని కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది వాక్యాల పత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒకటి మెచ్చుకునే వాక్యమైతే తర్వాతిది తప్పుపట్టేది; ఆలోచించకుండా టిక్కు పెట్టేయకూడదనే ఈ ఏర్పాటు. జవాబులను నూటికి లెక్కగడితే 68 దగ్గర సగటు. దీన్ని పరీక్షలో 68 మార్కులుగా చదవకూడదు.

ఈ కొలతలన్నిటి నుంచీ తప్పించుకునేది ఒకటుంది. ఫారం అర్థంకాక ఊళ్లో నెట్ సెంటర్‌కు వెళ్లిన ముసలాయన దరఖాస్తును అక్కడి కుర్రాడు నిమిషాల్లో నింపేస్తాడు. వేగం బాగుంది, పని పూర్తయింది, తప్పుల్లేవు అని సైట్ లెక్కల్లో పడుతుంది. ముసలాయన చెల్లించిన రుసుము, పోగొట్టుకున్న కూలి ఏ పట్టికలోనూ ఉండవు. ఫారం నింపింది దరఖాస్తుదారుడేనా, వేరొకరా అన్న ఒక్క ప్రశ్న చివర్లో అడిగినా ఆ లెక్క మారిపోతుంది. సైట్ తెరవకముందే, ఇలాంటి కొందరిని కూర్చోబెట్టి, సాయం చేయకుండా పక్కన ఉండి, ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకుంటే ఇంకా మేలు.