ఇంట్లో వేసుకునే సూది

షుగర్ జబ్బుకు ఇన్సులిన్ మొదలుపెట్టిన మనిషి చాలాసార్లు రోజుకు రెండు మూడు పూటలు తన సూది తానే వేసుకోవాలి. ఆస్పత్రిలో నర్సు చేసే పని ఇంట్లో, వంటగది లైటు కింద జరుగుతుంది. చేసేది తరచుగా అరవై దాటిన మనిషి. ఆ షుగర్ వల్లే చూపు మందగించి, వేళ్లకు స్పర్శ తగ్గి ఉండొచ్చు కూడా. కృష్ణా జిల్లా బందరులోనో గుడివాడలోనో అయితే మెడికల్ షాపు దగ్గర్లోనే ఉంటుంది. దివిసీమలో, అందులోనూ కృష్ణా నది పాయ దాటి వెళ్లాల్సిన ఎదురుమొండి లాంటి చోట్ల, సిరంజి మార్చుకోవాలన్నా సందేహం తీర్చుకోవాలన్నా నాగాయలంకకో అవనిగడ్డకో రావాలి. సూది పరికరం తయారుచేసేవాళ్లు దృష్టిలో పెట్టుకోవాల్సింది ఇలాంటి ఇళ్లను. తప్పు జరగడానికి వీలున్న చోట జాగ్రత్త అని కాగితం మీద అచ్చువేస్తే సరిపోదు, ఆ వీలునే పరికరంలోంచి తీసేయాలి.

మనిషికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చింది 1922 జనవరిలో, టొరంటోలో, లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి. ఆ తర్వాత దశాబ్దాల పాటు గాజు సిరంజి, ఉక్కు సూదే దిక్కు. వాటిని నీళ్లలో మరగబెట్టి, మొన మొద్దుబారితే రాయి మీద నూరి మళ్లీ వాడేవారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజిలు వచ్చాక మరగబెట్టే పని పోయింది, కొలిచే పని మాత్రం మిగిలింది.

ఆ కొలతే అసలు చిక్కు. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో ఉంటుంది. ఇన్సులిన్ పెన్నుల్లో అమర్చే మందు గొట్టం, అంటే కార్ట్రిడ్జ్‌లో 100 యూనిట్లు. సిరంజిలూ అందుకు తగ్గట్టే రెండు రకాలు, ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. రెండూ ఒకే పొడవు, ఒకే లావు. సాయంత్రం వెలుతురులో ఎరుపుకీ నారింజకీ తేడా కనిపెట్టడం మంచి చూపున్నవాళ్లకే కష్టం. పెన్ను పాడైందనో దాని సూదులు అయిపోయాయనో కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. అలాగే 40 బలం సీసా మందును నారింజ మూత సిరంజితో 20 గీత వరకు తీస్తే అందేది 8 యూనిట్లే, షుగర్ దిగదు. రెండు సందర్భాల్లోనూ మనిషి గీత సరిగ్గానే చదివాడు. అతన్ని తప్పుబట్టడం అన్యాయం. ఒక సిరంజి మరో బలం సీసాకు అసలు అమరకుండా చేసి ఉంటే ఈ ప్రమాదం పుట్టేదే కాదు.

సరైన సిరంజే చేతిలో ఉన్నా పని తక్కువేమీ కాదు. తెల్లగా మబ్బుగా ఉండే మిక్స్‌డ్ ఇన్సులిన్ సీసాను ముందు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, గట్టిగా కుదపకూడదు. వేసుకోవాల్సిన యూనిట్లంత గాలిని సిరంజిలోకి లాగి సీసాలోకి ఎక్కించాలి. సీసాను తలకిందులు చేసి మందు లాగాలి. బుడగలుంటే వేలితో తట్టి పైకి పంపి, మళ్లీ గీత చూసుకోవాలి.

1985లో డెన్మార్క్ కంపెనీ నోవో తెచ్చిన నోవోపెన్ వీటిలో చాలా పనులను ఒక్క దెబ్బతో తప్పించింది. మందు లోపలే ఉంటుంది, ఇప్పటి పెన్నుల్లో వెనక చక్రం తిప్పితే కిటికీలో అంకె కనబడుతుంది. ఒక్కో యూనిట్‌కు టిక్కుమంటుంది గానీ, ఆ చప్పుడు లెక్కనే నమ్ముకోవద్దని తయారీదారులే చెబుతారు. కొత్త సూది బిగించి ముందుగా రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చూడటం, బొత్తాం నొక్కాక పది అంకెలు లెక్కపెట్టేదాకా సూది తీయకపోవడం మనిషి బాధ్యతగానే మిగిలాయి. ఎక్కువ మోతాదు తిప్పితే బొత్తాం బయటికి పొడుచుకొచ్చి, కీళ్లు పట్టేసిన బొటనవేలికి అందదు. కొన్ని కొత్త పెన్నుల్లో లోపలి స్ప్రింగే తోసే పని చేస్తుంది, వేలు తాకిస్తే చాలు.

పెన్ను ఇన్సులిన్ ఖరీదు ఎక్కువ. అందుకే దిగువ, మధ్యతరగతి ఇళ్లలో సీసా పోలేదు. పైగా 2025లో, ఆ నోవోకే ఇప్పటి రూపమైన నోవో నార్డిస్క్ మన దేశంలో హ్యూమన్ మిక్స్‌టార్డ్ అనే మిక్స్‌డ్ ఇన్సులిన్ పెన్నులను, కార్ట్రిడ్జ్‌లను ఆపేస్తూ సీసాలను మాత్రం కొనసాగించింది. పెన్నుకు అలవాటుపడి మళ్లీ సీసాకు వచ్చేవాళ్లకు డాక్టరో మందుల షాపతనో ఎర్ర మూత సిరంజి సంగతి విడమరిచి చెప్పాలి.

సూది పొడవు విషయంలో మంచి మార్పే వచ్చింది. చర్మం మందం సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. మనిషి లావైనా సన్నమైనా ఇందులో పెద్ద తేడా ఉండదు. కాబట్టి 4 మిల్లీమీటర్ల పెన్ను సూది ఎవరికైనా సరిపోతుంది. 8 మిల్లీమీటర్లదైతే బక్కపలచని మనిషికి కండలో దిగి, మందు తొందరగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు. ఒకేచోట పదేపదే పొడిస్తే కొవ్వు గడ్డకట్టి, అక్కడ నొప్పి తెలియదు. నొప్పి లేదని మళ్లీ అక్కడే పొడుచుకుంటారు, మందు సరిగా ఎక్కదు. దీన్ని మాన్పించే పరికరం లేదు, రోజూ చోటు మార్చుకోవాల్సిందే.

మోతాదు మార్చనక్కర్లేని మందులకు ఆటో ఇంజెక్టర్ వచ్చింది. చర్మానికి ఆనించి నొక్కితే సూది దానంతట అదే దిగుతుంది, పని అయ్యాక కనబడకుండా పోతుంది. తీవ్రమైన ఎలర్జీకి వాడే ఎపిపెన్ తొలి నమూనాల్లో ఏ కొన ఎటో తెలియక కొందరు బొటనవేలికే పొడుచుకున్నారు. తర్వాత సూది వచ్చే కొనకు నారింజ రంగు, తీయాల్సిన మూతకు నీలం రంగు వేసి, వాడిన సూదిని కప్పే తొడుగు చేర్చారు. ఇంకా సులువైనది యూనిజెక్ట్. పాథ్ అనే సంస్థ రూపొందించిన ఈ చిన్న ప్లాస్టిక్ బుడ్డిలో ఒక్క మోతాదు మందు ముందే నింపి ఉంటుంది, నొక్కితే అయిపోతుంది, రెండోసారి నింపడానికి వీల్లేదు. ఆఫ్రికాలో కొన్ని దేశాల మహిళలు మూడు నెలలకోసారి వేసుకునే గర్భనిరోధక సూదిని దీంతో ఇంట్లోనే వేసుకుంటున్నారు.

కృష్ణా డెల్టాలో ఎండ సంగతి వేరుగా చెప్పుకోవాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. వాడుకలో ఉన్నది 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు నిలుస్తుంది. మే నెలలో బందరులో ఎండ 40 దాటే రోజులుంటాయి. తుపానుకు కరెంటు పోతే ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ మంచి ఉపాయమే కానీ, సముద్రపు గాలిలో తేమ ఎక్కువైనప్పుడు కుండ మీది నీరు తొందరగా ఆరదు, చల్లదనమూ తగ్గుతుంది. రాయలసీమలో పనిచేసినంతగా దివిసీమలోని కోడూరులో పనిచేయదు. పోలియో మందు సీసా మీద వేడి తగిలేకొద్దీ రంగు మారే చిన్న చతురస్రం 1996 నుంచి ఉంది. ఊళ్లలో టీకాలు వేసే మన ఏఎన్ఎంలకు అది చూడటం అలవాటే. ఇన్సులిన్ సీసాపై అలాంటి గుర్తు సాధారణంగా కనిపించదు. దానికి తగ్గ గుర్తు ఒకటి అతికిస్తే, మందు చెడిందేమోనన్న అనుమానంతో పారేయడమూ, చెడిన మందు వాడటమూ రెండూ తగ్గుతాయి.

ఇక వాడిన సూది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు ఇంట్లో వాడిన సూదుల్నీ సిరంజిల్నీ ప్రమాదకర గృహవ్యర్థాల్లో చేర్చి, విడిగా ఇవ్వమన్నాయి. చెత్తబుట్టలో పడితే పారిశుద్ధ్య కార్మికుల చేతికి, కాలవలో పడితే నీళ్లలో దిగేవాళ్ల కాలికి గుచ్చుకుంటుంది. అంతదాకా రాకుండా గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, నిండాక ఆరోగ్య కేంద్రంలో అప్పగించాలి. సూదుల పెట్టెతో పాటే అలాంటి డబ్బా ఒకటి అమ్మితే ఖర్చు పెద్దగా పెరగదు.