నయాగరాలో కాలిన పడవ

దాడి చేసిన దేశమూ, దాడికి గురైన దేశమూ ఒకే మాట చెబుతాయి: ‘ఇది మా ఆత్మరక్షణ’. రెండూ నిజం కాలేవు. నిజమేదో తేల్చడానికి ప్రపంచం వాడుతున్న కొలబద్ద, ఓ చిన్న స్టీమరు తగలబడిన రాత్రి నుంచి వచ్చింది.

1837 డిసెంబరు 29. నయాగరా నదికి అమెరికా వైపున, ష్లోసర్ అనే రేవులో కరోలిన్ అనే ఆ స్టీమరు ఆగి ఉంది. అవతలి ఒడ్డు బ్రిటిష్ పాలనలోని కెనడా. అక్కడ తిరుగుబాటు చేసి ఓడిపోయిన విలియం లయన్ మెకంజీ తన మనుషులతో నది మధ్యలోని నేవీ ఐలండ్‌లో మకాం వేశాడు. ఆయనకు మనుషుల్నీ, ఆయుధాలనూ, సరుకులనూ చేరవేస్తున్నది ఈ పడవే. చీకటి పడ్డాక బ్రిటిష్ నౌకాదళ అధికారి ఆండ్రూ డ్రూ తన బలగంతో చిన్న పడవల్లో నది దాటాడు. కరోలిన్‌లో ఉన్నవాళ్లను తరిమేసి, దానికి నిప్పంటించి, జలపాతం వైపు ప్రవాహంలోకి వదిలేశారు. ఆమోస్ డర్ఫీ అనే అమెరికన్ తుపాకీ గుండుకు బలయ్యాడు.

‘మా గడ్డ మీదికి వచ్చి మా పడవను ఎలా తగలబెడతారు?’ అని అమెరికా భగ్గుమంది. ‘మమ్మల్ని మేం కాపాడుకున్నాం’ అంది బ్రిటన్. ఆ దాడిలో పాల్గొన్నాడంటూ 1840లో అలెగ్జాండర్ మెక్‌లియాడ్ అనే వ్యక్తిని న్యూయార్క్ రాష్ట్రంలో పట్టుకుని హత్యానేరం మోపేసరికి రెండు దేశాలూ యుద్ధం అంచుకు వెళ్లాయి. మరుసటి ఏడాది జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. ఆ గొడవ నడుస్తుండగానే అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ బ్రిటిష్ రాయబారికి ఓ ఉత్తరం రాశాడు. దాని సారం ఇది: ముప్పు ఆ క్షణాన మీద పడి ఉండాలి. వేరే దారి వెతకడానికీ, నిదానంగా ఆలోచించడానికీ వ్యవధి ఉండకూడదు. అలాంటప్పుడైనా అవసరానికి మించి ఒక్క దెబ్బ వేయకూడదు.

1842లో బ్రిటన్ తరఫున వచ్చిన లార్డ్ యాష్‌బర్టన్ ఈ కొలతను కాదనలేదు. తమ పని దానికి లోబడే ఉందని వాదించి, పరాయి నేల మీద కాలు పెట్టినందుకు విచారం తెలిపాడు. ఆనాటి ప్రపంచంలో అందరికన్నా బలమైన సామ్రాజ్యం ఒక పడవ విషయంలో లెక్క చెప్పుకుంది. నూట ఎనభై ఏళ్లు దాటినా న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ ఉత్తరాన్ని చదువుతూనే ఉన్నారు.

పొలం గట్టు న్యాయం

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. పొలం గట్టు దగ్గర తలలు పగిలితే పోలీస్ స్టేషన్‌లో వినిపించే మొదటి మాట ‘వాడే ముందు కర్ర ఎత్తాడండీ’ అనే. భారతీయ శిక్షాస్మృతి 99వ సెక్షన్ దీనికి రెండు హద్దులు పెట్టింది. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆత్మరక్షణ హక్కు లేదు. కాపాడుకోవడానికి కావలసినదానికి మించి హాని చేసే హక్కూ లేదు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ అవే హద్దులున్నాయి.

దేశాల మధ్య ఇలాంటి నియమం 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో రాసుకున్నారు. ఐక్యరాజ్యసమితి నియమావళిలోని రెండో అధికరణం, నాలుగో క్లాజు ప్రకారం ఏ దేశమూ మరో దేశపు భూభాగం మీద గానీ, రాజకీయ స్వాతంత్ర్యం మీద గానీ బలం ప్రయోగించకూడదు. ఆ గోడకు పెట్టిన చిన్న తలుపే 51వ అధికరణం: సాయుధ దాడి జరిగితే తనను తాను కాపాడుకునే సహజ హక్కు ప్రతి దేశానికీ ఉంటుంది. అయితే తీసుకున్న చర్యలను వెంటనే భద్రతామండలికి తెలపాలి. మండలి రంగంలోకి దిగి శాంతికి తగిన ఏర్పాట్లు చేసేదాకానే ఆ హక్కు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మన ఊరి స్టేషన్‌లో ఎస్సై ఎవరి బంధువో కావచ్చు, కాకపోవచ్చు. భద్రతామండలి అనే ఈ స్టేషన్‌లో మాత్రం ఐదుగురు పెద్దలకు వీటో ఉంది.

భారత్ తరఫున ఆ నియమావళి రచనకు వెళ్లిన బృందానికి నాయకుడు ఆర్కాట్ రామస్వామి మొదలియార్. మూడేళ్లకే ఆయన మళ్లీ ఐక్యరాజ్యసమితి మెట్లెక్కాల్సి వచ్చింది, ఈసారి మన హైదరాబాద్ కోసం. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సేనలు కదిలాయి. 16న పారిస్‌లో సమావేశమైన మండలి విషయాన్ని ఎజెండాలో చేర్చింది. మరునాటికే నిజాం లొంగిపోయాడు, కొద్దిరోజులకే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి పంపాడు. హైదరాబాద్ ఒక స్వతంత్ర దేశమే కాదు, దానికి మండలి గడప తొక్కే అర్హత లేదన్నది మొదలియార్ వాదన. చట్టం మాట ఎలా ఉన్నా, రజాకార్ల దెబ్బలు తిన్న తెలంగాణ పల్లెలు ‘సార్వభౌమాధికారం ఎవరిది?’ అన్న ప్రశ్నకు అప్పటికే జవాబు చెప్పేశాయి. అయితే ఆ సైనిక చర్య వెన్నంటే ముస్లింల మీద జరిగిన హత్యాకాండనూ, దాన్ని నమోదు చేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదికనూ దాచి ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

చిన్న దేశం వేసిన కేసు

ఆత్మరక్షణ అన్న మాటను కోర్టు గదిలో నిలబెట్టి పరీక్షించిన సందర్భాల్లో నికరాగ్వా కేసును మించింది లేదు. 40 లక్షల జనాభా అయినా లేని దేశం. 1979లో శాండినిస్టా విప్లవకారులు నియంత సొమోజాను దించేశారు. వాళ్లను కూలదోయడానికి అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం కాంట్రాలనే సాయుధ ముఠాలకు డబ్బు, శిక్షణ ఇచ్చింది. 1984 మొదట్లో సీఐఏ ఏర్పాటుతో కొరింటో, ప్యూర్టో శాండినో, ఎల్ బ్లఫ్ రేవుల్లో మందుపాతరలు పెట్టారు. చేపల పడవలూ, పరదేశపు సరుకు ఓడలూ వాటి మీదికి వెళ్లి దెబ్బతిన్నాయి.

ఆ ఏడాది ఏప్రిల్ 9న నికరాగ్వా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది. కేసు రాబోతోందని పసిగట్టిన అమెరికా మూడు రోజుల ముందే, మధ్య అమెరికా గొడవలకు కోర్టు అధికార పరిధి వర్తించదంటూ ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి లేఖ పంపింది. అది చెల్లదని కోర్టు చెప్పింది. 1985 జనవరిలో అమెరికా కేసు మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. నికరాగ్వా తరఫున వాదించినవాళ్లలో కెనడీ హయాంలో అమెరికా విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారుగా పనిచేసిన ఏబ్రమ్ చేయిస్ ఒకరు. సొంత దేశం తప్పు చేసిందని నమ్మి బోనుకు ఇవతల నిలబడిన ఆ మనిషి మీద నాకు అపారమైన గౌరవం.

1986 జూన్ 27న తీర్పు వచ్చింది. అప్పటి కోర్టు అధ్యక్షుడు మన డూంగర్‌పూర్ రాజకుటుంబం నుంచి వచ్చిన నాగేంద్ర సింగ్. అమెరికా వాదన ఇది: నికరాగ్వా పొరుగునున్న ఎల్ సాల్వడార్ తిరుగుబాటుదారులకు ఆయుధాలు పంపుతోంది, కనుక మేం ఎల్ సాల్వడార్‌ను కాపాడుతున్నాం. కోర్టు దీన్ని 12-3 తేడాతో కొట్టేసింది. ఆయుధాలు అందించడం తప్పే కావచ్చు గానీ సాయుధ దాడి కాదంది. దాడి జరిగిందని చెప్పాల్సింది దెబ్బ తిన్నవాడే, సాయం అడగాల్సిందీ అతడేనంది. ఎల్ సాల్వడార్ ఆ మాట బహిరంగంగా చెప్పింది 1984 ఆగస్టులో. అమెరికా పని మొదలుపెట్టింది 1981లో! పైగా భద్రతామండలికి 51వ అధికరణం కింద ఒక్క నివేదిక పంపలేదు.

ఆ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ నాకు అదే గుండెకాయ. నిజంగా ఇల్లు కాపాడుకున్నవాడు పరుగున వెళ్లి పదిమందికీ చెబుతాడు. ఆత్మరక్షణ చేసుకుంటున్న దేశం ఆ ఉత్తరం రాయడానికి ఎందుకు జంకాలి?

తీర్పును అమలు చేయమని నికరాగ్వా భద్రతామండలికి వెళ్తే, ఆ అక్టోబరులో పదకొండు దేశాలు సరేనన్న తీర్మానాన్ని అమెరికా వీటో చేసింది. నికరాగ్వాలో ప్రభుత్వం మారాక, 1991లో నష్టపరిహారం దావాను వెనక్కి తీసుకున్నారు. ఒక్క డాలరు చేతికి రాలేదు.

కర్ర ఉన్నవాడిదే బర్రె?

ఇది చూసి ‘ఇంకెందుకు ఈ చట్టం’ అనేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను మింగినప్పుడు ఆ చిన్న దేశం పక్షాన నిలబడటానికి ప్రపంచానికి ఆధారంగా దొరికింది ఈ నియమమే. ఆ రోజుల్లో ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానాల్లో ఇంటికొచ్చిన లక్షా డెబ్భై వేలకు పైగా భారతీయుల్లో మన తెలుగు జిల్లాల కూలీలూ ఉన్నారు. సార్వభౌమాధికారం పోవడం అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదికి సేనలను పంపుతూ రష్యా అధ్యక్షుడు పుతిన్ పేరు పెట్టి చదివింది 51వ అధికరణమే. వాగు నీళ్లు మురికి చేశావని గొర్రెపిల్లను నిలదీసిన తోడేలు కథ మనందరం బడిలో విన్నదే. మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 141 దేశాలు ఆ దాడిని గర్హించాయి. మన దేశం ఓటింగుకు దూరంగా ఉంది. ఖార్కివ్ బంకర్లలో మన తెలుగు వైద్య విద్యార్థులు తలదాచుకుంటున్న రోజులవి, వాళ్లను బయటికి తేవాల్సిన అవసరం ఎంతటిదో తెలుసు. అయినా ఆ మౌనం నాకు ఈనాటికీ మింగుడుపడలేదు.

మన సొంత గాయాల విషయంలో ఢిల్లీ వాడిన మాటలను గమనించండి. పుల్వామాలో ఉగ్రవాదులు 40 మంది జవాన్లను చంపిన తర్వాత, 2019 ఫిబ్రవరి 26న పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద జరిపిన దాడిని విదేశాంగ కార్యదర్శి విజయ్ గోఖలే ‘సైనికేతర ముందస్తు చర్య’ అన్నారు. పహల్గాంలో 26 మందిని పొట్టన పెట్టుకున్నాక, 2025 మే 7న జరిపిన దాడులను ఆచితూచి చేసినవనీ, ఉద్రిక్తత పెంచనివనీ వర్ణించారు. ప్రతి మాట వెనకా వెబ్‌స్టర్ ఉత్తరం ఉంది. దాడి చేసింది ప్రభుత్వ సైన్యం కాక సాయుధ ముఠా అయితే ఏం చేయాలన్నది న్యాయశాస్త్రంలో ఇంకా తెగని తగువు. ముఠాకు నీడనిచ్చిన దేశం జవాబు చెప్పాల్సిందే. కానీ ఆ జవాబు రాబట్టే పేరుతో కొలబద్దను విరిచేస్తే రేపు నష్టపోయేది మనలాంటి దేశాలే.

కాంగో సంగతి చూడండి. తన మీద దాడులు చేసే ముఠాలు అక్కడ దాక్కున్నాయంటూ ఉగాండా సైన్యం 1998లో కాంగోలో చొచ్చుకుపోయింది. సరిహద్దుకు వందల కిలోమీటర్ల దూరంలోని పట్టణాలనూ విమానాశ్రయాలనూ ఆక్రమించింది. 1999లో కాంగో కేసు వేసింది. ఆ దాడులు కాంగో ప్రభుత్వం చేయించినవని రుజువు కాలేదనీ, ఉగాండాది ఆత్మరక్షణ కాదనీ 2005 డిసెంబరులో అదే హేగ్ కోర్టు తేల్చింది. పరిహారం లెక్క తేలడానికి ఇంకా పదహారేళ్లు పట్టింది. 2022 ఫిబ్రవరి 9న 32.5 కోట్ల డాలర్లు చెల్లించాలని, ఏడాదికి 6.5 కోట్ల చొప్పున ఐదు వాయిదాల్లో కట్టాలని ఆదేశించింది. ఆ సెప్టెంబరులో ఉగాండా మొదటి వాయిదా కట్టింది.