జూలై 14 – ఏ సంవత్సరానిది?

అడిక్‌మెట్ నుంచి అంబర్‌పేట మీదుగా మూసీ దాటితే మూసారాంబాగ్ వస్తుంది. ఆ పేరులో ఉన్నది మూసా కాదు, రాముడూ కాదు; "మొస్యూ రేమండ్" అనే ఫ్రెంచి దొర అని చెబుతారు. నిజాం అలీఖాన్ కొలువులో పెద్ద సైన్యాన్ని నడిపి, 1798 మార్చి 25న కన్నుమూసిన ఆయన సమాధి ఆ దగ్గరలోనే గుట్ట మీద ఉంది. ఆయన సిపాయిలు ఫ్రెంచి రిపబ్లిక్ మూడురంగుల జెండా పట్టుకునేవారు. తమ రాజు తల తీసిన రిపబ్లిక్ జెండాను మన నవాబు జీతం మీద మోశారన్నమాట!

ఆ రిపబ్లిక్‌కు దారితీసిన విప్లవాన్ని తలచుకునే ఫ్రాన్సు ఏటా జూలై 14న జాతీయ పండుగ చేసుకుంటుంది. బాస్టిల్ కోట పతనం అని మనం ఒక్క వాక్యంలో చదివేసి ఊరుకుంటాం గాని, దాని వెనక ఒక వడగళ్ళవాన ఉంది. 1788 జూలై 13న కురిసిన ఆ వానకు కోతకు రావలసిన పంట నేలపాలైంది. సేద్యగాళ్ళ ఇంట పుట్టినవాడికి తర్వాతి కథ వేరే చెప్పనక్కర్లేదు. మరుసటి వేసవికి పారిస్ కూలివాడి సంపాదనలో సగానికి పైగా రొట్టెకే పోయేది. 1789 జూలై 14న జనం బాస్టిల్ మీదికి పోయింది ఖైదీల కోసం కాదు (లోపల ఉన్నది ఏడుగురే), తుపాకిమందు కోసం.

సరిగ్గా ఏడాదికి, 1790 జూలై 14న, అదే పారిస్‌లో రాజూ ప్రజలూ కలిసి ఐక్యతా ప్రమాణం చేశారు. 1880లో పండుగ నిర్ణయించేటప్పుడు తగవు వచ్చింది. నెత్తురు చిందిన 1789దా, ప్రమాణం చేసిన 1790దా? జూలై 6 నాటి చట్టం "జూలై 14" అని మాత్రం రాసి, సంవత్సరం రాయకుండా ఊరుకుంది. గడుసు పనే.

పల్లె మాత్రం రెండింటిలోనూ లేదు. 1789 వేసవిలో రైతులు అక్కడి గడీల్లోని శిస్తు కాగితాలు తగలబెట్టాకే, ఆగస్టు 4 రాత్రి దొరల హక్కుల రద్దుకు సభ ఒప్పుకుంది. ఆ రాత్రికి పండుగ లేదు.

మనకు సెప్టెంబరు 17 ఉంది. 1948లో నిజాం లొంగిపోయిన రోజు. కేంద్రం 2022 నుంచి విమోచన దినం అంటోంది. రాష్ట్రం ఆ ఏడు జాతీయ సమైక్యతా దినం అంది, 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది. విలీనం అనేవారున్నారు, విద్రోహం అనేవారున్నారు. వెట్టికి ఎదురుతిరిగిన రైతుల సాయుధ పోరాటమేమో ఆ తేదీకి ముందే మొదలై 1951 అక్టోబరు దాకా సాగింది. దాన్ని ఏ తేదీలో ఇరికిస్తాం? మా ఊరి పెద్దవాళ్ళు ఈ పేర్లేవీ ఎత్తరు. ఎవరి పుట్టుకో, ఏ బావి తవ్వకమో లెక్క కట్టాల్సి వస్తే మాత్రం "పోలీస్ యాక్షన్ అయిన ఏడు" అంటారు.