కట్టేటప్పుడు ఏది? నడిచేటప్పుడు ఏది?

ల్యాబ్‌లో చక్కగా కంపైలైన ప్రోగ్రాము పరీక్షనాడు ఎందుకు మొరాయిస్తుందని జూనియర్లు నన్ను అడుగుతుంటారు.

ఇల్లు కట్టడానికి పరంజా కావాలి, కాపురానికి అక్కర్లేదు. కాపురానికి దీపం కావాలి. అది లేకున్నా గోడలు లేస్తాయి.

జావాలో మావెన్ అడిగేది ఈ తేడానే. సర్వ్‌లెట్ లైబ్రరీ కంపైలర్‌కు కావాలి. నడిచేటప్పుడు టామ్‌క్యాట్ సర్వరే ఇస్తుంది. కనుక దాన్ని 'ప్రొవైడెడ్' అని రాస్తాం. డేటాబేస్ డ్రైవర్‌తో కంపైలర్‌కు పనిలేదు, నడిచేటప్పుడే కావాలి. అది 'రన్‌టైమ్'. ఏమీ రాయకపోతే మావెన్ 'కంపైల్' అనుకుని రెండు వేళలకూ ఉంచుతుంది. గ్రేడిల్ అయితే 2021లో వచ్చిన 7.0తో పాత 'కంపైల్' మాటనే తీసేసింది.

డ్రైవరు మరిచిపోతే కంపైలరు నోరెత్తదు. ఆ సంగతి ఎగ్జామినరు ఎదుటే బయటపడుతుంది. అందుకే నా మాట: అప్పగించేముందు వేరే యంత్రం మీద ఒక్కసారి నడిపి చూడండి.