చర్మపు సొట్టలు – మూలికల మేలెంత?

యుక్తవయస్సు వచ్చిన స్త్రీలలో పెక్కుమందికి తొడల వెనుకను, పిరుదులపైనను, ఒక్కొక్కప్పుడు పొట్టమీదను చర్మము నునుపుగా నుండక, నారింజ తొక్కవలె చిన్న చిన్న సొట్టలు పడి కనిపించును. దీనికి సెల్యులైట్ అని పేరు. ప్రతి పదిమంది స్త్రీలలో ఎనిమిది తొమ్మిది మందికి ఇది ఎంతో కొంత యుండునని వైద్యుల అంచనా. స్థూలకాయులకే గాక బక్కపలుచని వారికిని ఇది కలుగును. ఇంతమందికి సహజముగా నుండు లక్షణమును రోగమనుట తగదు.

అయినను దీనిని మాన్పెదమని చెప్పు లేపనములు, కషాయములు, గుళికలు బజారున అనేకము అమ్ముడగుచున్నవి. ఈ పేరు సామాన్య జనమునకు తెలిసినది ఇటీవలనే. 1973లో న్యూయార్కున సౌందర్యశాల నడుపుచుండిన నికోల్ రొన్సార్ అను నామె వ్రాసిన గ్రంథము అమెరికాలో దీనిని ఇంటింటికిని చేర్చెను. పేరుతోపాటు మందులును వ్యాపించెను. ప్రకృతి సిద్ధమైనది, మూలికలతో చేసినది అను మాటలు చూచి వానిని కొను సోదరీమణులు, వానివలన ఎంత మేలు కలుగునో, ఎట్టి కీడు రాగలదో ముందుగా తెలిసికొనుట అవసరము.

సొట్టలు ఎట్లు ఏర్పడును?

చర్మము క్రింద కొవ్వు పొర ఒకటి గలదు. ఆ కొవ్వు చిన్న చిన్న అరలుగా అమరియుండును. అరల నడుమ గోడలవలె నుండు నారపోగులు పై చర్మమును లోపలి పొరలతో బంధించును. స్త్రీలలో ఈ పోగులు నిలువుగా నుండుననియు, పురుషులలో ఏటవాలుగా ఒకదానినొకటి దాటుచు అల్లుకొనియుండుననియు న్యూర్న్‌బెర్గర్, ముల్లర్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1978లో ప్రకటించిరి. నిలువు పోగుల నడుమ కొవ్వు పైకి ఉబుకును. పోగులు చర్మమును క్రిందికి లాగి పట్టును. పరుపునకు కుట్టు వేసినచోట గుంత పడి, కుట్టు లేనిచోట దూది ఉబికియుండుటను మనము చూచుచునే యున్నాము. ఇదియు అట్టిదే.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టము. సొట్టకు కారణము కొవ్వు మాత్రమే కాదు. దానిని పట్టియుంచు కట్టడము. పరుపుపై ఎంత నూనె పూసినను కుట్టు ఊడదు. చర్మవైద్యులు సన్నని సూదిని చర్మము క్రిందికి పంపి ఆ పోగులను కోసినప్పుడు, ఆ చోట సొట్టలు కొన్ని సంవత్సరముల వరకు తగ్గియుండుటయే ఇందుకు నిదర్శనము.

నలుగు, మర్దనము

మన ఇండ్లలో నువ్వులనూనె రాచుకొని, సున్నిపిండితో నలుగు పెట్టుకొని తలంటుకొను ఆచారము అనాదిగా వచ్చుచున్నది. ఆయుర్వేదము దీనిని ఉద్వర్తనమని పేర్కొన్నది. ఇది కఫమును హరించి, మేదస్సును కరగించి, అంగములకు బిగువును, చర్మమునకు కాంతిని ఇచ్చునని వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పెను. నలుగువలన మృతచర్మము రాలిపోవుట, రక్తప్రసారము హెచ్చుట, చర్మము మృదువగుట నిజమే. మర్దనమువలన చర్మము క్రింద చేరిన నీరు కొంత తొలగి, కొన్ని గంటలపాటు సొట్టలు తక్కువగా కనిపించుటయు కలదు. కాని చేతి రాపిడిచే కొవ్వు కరగిపోవునని నేటి శాస్త్ర పరీక్షలలో రుజువు కాలేదు. హాయి కొరకు, శుభ్రత కొరకు నలుగు మంచిది; సొట్టలు మాయమగునను ఆశతో చర్మము కందునట్లు రుద్దుట మంచిది కాదు.

సున్నిపిండిలో సువాసన కొరకు, కాంతి కొరకు కచ్చూరములు, బావంచాలు కలుపుట వాడుక. బావంచాలలో సోరలెన్ అను పదార్థము గలదు. అది తగిలిన చర్మముపై ఎండ పడినచో బొబ్బలెక్కి నల్లని మచ్చలు నిలువవచ్చును. కనుక ఎండలో తిరుగువారు బావంచాలు లేని పిండినే వాడవలెను. ఉబ్బిన నరములు గలవారు కాళ్ళను గట్టిగా పిసికించుకొనరాదు.

సరస్వతి ఆకు, కాఫీ గింజ

సొట్టలకు పూయు లేపనములలో తరచుగా కనిపించు మూలిక సరస్వతి ఆకు. దీనినే సంస్కృతమున మండూకపర్ణి యందురు. ఇది తడినేలలందు ప్రాకు చిన్న మొక్క. పుండ్లు మానుటకు ఇది తోడ్పడును. చర్మమునకు బలమిచ్చు కొలాజెన్ అను మాంసకృత్తు పుట్టుటను ప్రేరేపించును. అంతమాత్రమున తొడల సొట్టలు పోవునని చెప్పుటకు తగినంత ఆధారము లేదు. దీనిని పచ్చడి చేసికొని తినుట వేరు, సారము తీసిన గుళికలను నెలల తరబడి మ్రింగుట వేరు. అట్టి గుళికలు వాడిన ముగ్గురు స్త్రీలకు కాలేయవ్యాధి కలిగినట్లు 2005లో వైద్యులు ప్రకటించిరి.

రెండవది కాఫీ, తేయాకులలోని కెఫీన్. ప్రయోగశాలలో ఇది కొవ్వు కణములను కొంత కరగించును. లేపనముగా పూసినప్పుడు కలుగు మార్పు స్వల్పము. పూయుట మానగానే అదియు పోవును.

మ్రింగు మందులతో జాగ్రత్త

సొట్టలను లోపలినుండి మాన్పునని చెప్పి ఒక అమెరికా సంస్థ మూలికా గుళికలు అమ్మెను. వానిలో జింకో ఆకు, ద్రాక్షగింజ, సముద్రపు నాచు మొదలగునవి యుండెను. ఆ ప్రకటనలకు ఆధారము లేదని అచటి ప్రభుత్వ వాణిజ్య సంఘము 2000లో దావా వేయగా, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇచ్చుటకై 12 మిలియన్ డాలర్ల వరకు చెల్లించుటకు ఆ సంస్థ 2003లో అంగీకరించెను. ఇది సొమ్ము పోయిన కథ. ప్రాణము మీదికి వచ్చిన కథ మరొకటి గలదు.

బెల్జియము రాజధాని బ్రస్సెల్స్‌లో సన్నబడగోరు స్త్రీలకు ఒక వైద్యశాలవారు చైనా మూలికల గుళికలిచ్చిరి. 1992లో అట్టి గుళికలు వాడిన స్త్రీలు మూత్రపిండములు చెడి ఆసుపత్రులకు రాసాగిరి. రెండు మూలికల చైనా పేర్లు ఒకదానినొకటి పోలియుండుటచే, ఒకదానికి మారుగా అరిస్టొలోకియా జాతి మొక్క గుళికలలో చేరినదని విచారణలో తేలెను. నూరుమందికి పైగా స్త్రీలు దాని పాలబడిరి. అనేకులకు మూత్రపిండ మార్పిడి అవసరమయ్యెను. పాడైన మూత్రపిండములను, మూత్రనాళములను తీయించుకొన్న 39 మందిని పరీక్షింపగా, 18 మందికి మూత్రమార్గమున క్యాన్సరు ఉన్నట్లు 2000లో ప్రకటితమయ్యెను. ఈ జాతి మొక్కలతో చేసిన మందులు క్యాన్సరు కారకములని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2002లో నిర్ధారించినది. మన నాటువైద్యమున వాడు ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఈ జాతివే. మొక్కనుండి వచ్చినంత మాత్రమున మందు నిరపాయము కాజాలదు.

స్థూలకాయమును మాన్పునని మందులకు ప్రకటనలు చేయుట మన దేశమున 1954 నాటి మందులు, మంత్రచికిత్సల ప్రకటనల చట్టముచే నిషిద్ధము. కావున అట్టి ప్రకటన కనిపించినచో సందేహింపవలెను. ఆయుర్వేద మందు కొనునప్పుడు తయారీ లైసెన్సు సంఖ్య, అందలి మూలికల పేర్లు చీటీపై ఉన్నవో లేవో చూడవలెను. గర్భిణులు, బాలెంతలు, రక్తపుపోటుకుగాని మధుమేహమునకుగాని మందులు వాడువారు వైద్యుని అడుగక ఏ మూలికా గుళికయు మ్రింగరాదు.

చేయదగినది

సొట్టలను పూర్తిగా తుడిచివేయు మార్గము లేకున్నను, వానిని తక్కువగా కనబడునట్లు చేయు సులువైన మార్గములు కలవు. నడక, మెట్లెక్కుట, గుంజీలు తీయుట మొదలగు వ్యాయామములచే తొడల కండరములు బిగువెక్కి పై చర్మము కొంత నునుపుగా కనిపించును. వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. ఆకుకూరలు, పప్పులు, పండ్లు పుష్కలముగా తినవలెను. ఉపవాసములతో ఒక్కసారిగా చిక్కిపోయినచో చర్మము వదులై సొట్టలు మరింత కనబడవచ్చును. బరువు తగ్గవలసినవారు నెమ్మదిగా తగ్గవలెను.

మరొక మాట. తొడలయందలి కొవ్వుకంటె పొట్టయందలి కొవ్వే గుండెజబ్బులకు, మధుమేహమునకు ఎక్కువగా దారితీయును. నడుము కొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్తపడవలెను. అద్దములోని తొడలకంటె టేపులోని నడుము కొలతయే ఆరోగ్యమును గూర్చి ఎక్కువ చెప్పును.

ఎప్పుడు వైద్యుని చూడవలెను?

సెల్యులైట్ నొప్పి పెట్టదు, జ్వరము తేదు. ఒక కాలు మాత్రమే వాచినను, వ్రేలితో నొక్కినచోట గుంత నిలిచినను, చర్మము ఎఱ్ఱబడి వేడెక్కి జ్వరము వచ్చినను అది వేరొక వ్యాధి. బోదకాలు కావచ్చును, సిరలలో రక్తము గడ్డకట్టియుండవచ్చును, లేక సెల్యులైటిస్ అను సూక్ష్మజీవుల వ్యాధి కావచ్చును. పేరులో పోలిక ఉన్నను దీనికి తక్షణ చికిత్స అవసరము. అప్పుడు నలుగు, మర్దనము మాని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సొట్టలు పడిన చర్మము లోపము కాదు. స్త్రీ శరీర నిర్మాణములో అది ఒక భాగము. నలుగు పెట్టుకొనుడు, నడువుడు, మితముగా భుజింపుడు. లేని రోగమునకు మందు మ్రింగి ఉన్న ఆరోగ్యమును పోగొట్టుకొనకుడు.