ఎడారి దారిలో నీటి విలువ

ఉద్యోగ విరమణ చేసిన దంపతులు కొందరు నేడు పడక, వంటగది అమర్చిన బండిని కారుకు తగిలించుకొని ఎడారి యాత్రలు చేస్తున్నారు. ఇబ్రహీంపట్నం నుండి జైసల్మేరుకు బయలుదేరే జంట మొదట ఆలోచించవలసింది నీటిని గురించే. వయసు పైబడినవారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. కనుక దాహం వేయకున్నా వేళకు తాగాలి.

ఖలీఫా హారూన్ రషీద్ సతీమణి జుబైదా కూఫా-మక్కా ఎడారి బాటలో హాజీల కోసం బావులు, జలాశయాలు నిర్మింపజేశారు. మన పెద్ద చెరువు కూడా కుతుబ్‌షాహీల కాలపు జలదానమే.

నీరు దొరకనప్పుడు తయమ్ముమ్‌కు, ప్రయాణంలో నమాజు కుదింపుకు దివ్య ఖుర్ఆన్ (4:43, 4:101) అనుమతించింది. తాగడానికే చాలినంత నీరున్నా తయమ్ముమ్ చెల్లుతుందన్నారు ధర్మవేత్తలు. సహచరిని దాహంతో ఉంచి వుజూ చేయనక్కరలేదు. మొదటి గుక్క ఆమెకే అందించండి.